ఏడాదిన్నర మర్యాద

ఆ పిల్లకి నిప్పుకోడి అని పేరు పెట్టింది వాళ్ళ పిన్నే. నాలుగేళ్ళప్పుడు పాలగ్లాసు గోడకేసి కొట్టి, నేలమీద పడి కాళ్ళు తన్నుకుంటూ ఏడుస్తుంటే, "ఇది పిల్ల కాదే అక్కా, నిప్పుకోడి" అంది పిన్ని. నిప్పుకోడి అంటే నిప్పులు కక్కే కోడి కాబోలని ఆవిడ ఉద్దేశం. పిల్లకి కూడా ఆ పేరు తెగ నచ్చేసింది. ఆరేళ్ళొచ్చి బళ్ళో బొమ్మల పుస్తకం ఇచ్చేదాకా అదే గర్వంతో తిరిగింది. తీరా పుస్తకంలో చూస్తే ఏముంది? బారెడు మెడ, బోడి కాళ్ళు, ఏం జరుగుతోందో తెలియని మొహం! ఆ సాయంత్రం ఇల్లు పీకి పందిరేసింది. "నేనిలా ఉంటానా? నువ్వే ఇలా ఉంటావ్! నీ మొగుడు ఇలా ఉంటాడు!" అంటూ పిన్ని వీపు మీద గుద్దులే గుద్దులు. పిన్ని కడుపు పట్టుకుని నవ్వింది. అప్పటికి ఆవిడకి పెళ్ళి కాలేదు.

తర్వాత చాలా ఏళ్ళకి పిన్నికి మొగుడైంది ఆ పిల్ల నాన్నే.

గొడవంతా అక్కడే ఉందని చుట్టాలనుకున్నారు. ఈ చుట్టాలున్నారే, ఏ ఇంట్లో ఏం కాలుతోందో వాసన పట్టేస్తారు గానీ, ఏ గదిలో కాలుతోందో మాత్రం ఎప్పుడూ తప్పే చెబుతారు. గొడవ పెళ్ళిలో లేదు. అంతకు ఏడాది ముందు, ఒక పరీక్ష రోజున ఉంది.

అప్పటికి నెలరోజులుగా అమ్మ ఆసుపత్రిలో ఉంది. పొద్దున్నే ఆసుపత్రి నుంచి పిన్ని ఇంటికొచ్చింది. నిప్పుకోడి జడ వేసుకుంటూ, "అమ్మకెలా ఉంది పిన్నీ?" అంది. "బాగుందే. రాత్రి పాలు కూడా తాగింది. నువ్వెళ్ళి పరీక్ష రాసిరా, సాయంత్రం ఇద్దరం కలిసి వెళ్దాం." పిన్ని మాటంటే పిల్లకి రాతి మీద గీతే. హాయిగా వెళ్ళింది. సైన్సు పరీక్ష. అద్దంలో బొమ్మ ఎడమ కుడిగా ఎందుకు కనిపిస్తుందో రాయమని ఇచ్చారు. అమ్మా పిన్నీ నడిపే అద్దాల దుకాణంలో పెరిగిన పిల్ల కదా, రెండు పేజీలు రాసి, బొమ్మ గీసి, అదనపు కాగితం కూడా తీసుకుంది. బయటికొచ్చేసరికి గేటు దగ్గర పక్కింటాయన నిలబడి ఉన్నాడు. ఆయన మొహం చూడగానే తెలిసిపోయింది.

అమ్మకి ఇక గంటలే ఉన్నాయని డాక్టరు తెల్లవారుజామునే చెప్పాడట. పిన్నికి తెలిసే పంపింది. ఆ పరీక్షలో నిప్పుకోడికి ఎనభై ఏడు మార్కులొచ్చాయి. తరగతిలో అందరికంటే ఎక్కువ. ఆ కాగితాన్ని ముక్కలు ముక్కలుగా చింపి బళ్ళోనే పారేసింది.

అయినా పిన్నిని ఒక్క మాట అడగలేదు. అంత నోరున్న పిల్ల, ఆ ఒక్క సంగతి మాత్రం నోట్లోనే పెట్టుకుంది. ఏడాది గడిచింది. నాన్న నీటి మీటర్ల రీడింగు తీసుకునే ఉద్యోగి. రోజంతా వీధులు తిరుగుతాడు, ఇంటికొస్తే కుర్చీలో ఒరుగుతాడు. నోట్లో నాలుక లేని మనిషి. వంటా వార్పూ పిన్నే చూసింది, దుకాణం పిన్నే చూసింది, పిల్లకి జ్వరమొస్తే తడిగుడ్డ వేసింది పిన్నే. చివరికి నాన్నా పిన్నీ రిజిస్ట్రారాఫీసుకి వెళ్ళి సంతకాలు పెట్టి వచ్చారు. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "నిప్పుకోడీ, కాసిని మంచినీళ్ళియ్యవే" అంది పిన్ని.

పిల్ల గ్లాసు తెచ్చింది. రెండు చేతులా పట్టుకుని, "తీసుకోండి" అంది.

"తీసుకోండేంటే, నీ మొహం!" అని నవ్వింది పిన్ని.

"ఇంకేమైనా కావాలాండీ?"

పిన్ని నవ్వు సగంలో ఆగిపోయింది. నాన్నకి అర్థం కాలేదు. మగవాళ్ళకి ఇలాంటివి ఓ పట్టాన అర్థం కావు. హెడ్మాస్టరుని మీరంటాం, డాక్టరుని మీరంటాం, దారి అడిగే కొత్తమనిషిని మీరంటాం. అమ్మనీ పిన్నినీ నువ్వంటాం. పుట్టి మాట నేర్చిన దగ్గర్నుంచీ "ఏంటే పిన్నీ" అన్న నోటితో "ఏమండీ" అంటే అర్థమేమిటి? మెడబట్టి గుమ్మం బయట నిలబెట్టడం. పైగా అరిచినట్టు ఉండదు, తిట్టినట్టు ఉండదు, పట్టుకుందామంటే దొరకదు. ఎంత తెలివైన పాడు పని!

అది మొదలు ఏడాదిన్నర. "భోంచేశారా అండీ." "నా బట్టలు మీరు ఉతకనక్కర్లేదండీ." "మీరు చెప్పాక కాదంటానాండీ." పిన్ని మొదట్లో బతిమాలింది. తర్వాత కసురుకుంది. తర్వాత ఆవిడా మొహం గంటు పెట్టుకుని తిరగడం నేర్చుకుంది. ఇంట్లో గిన్నెలు కాస్త గట్టిగా చప్పుడయ్యేవి, తలుపులు కాస్త గట్టిగా పడేవి. నాన్న పెద్దక్క, అంటే పెద్దత్త, వచ్చినప్పుడల్లా ఒకటే పొగడ్త. "పిన్నిని పట్టుకుని మీరు మీరు అంటుంది చూడండి, తల్లి లేని పిల్లకి ఎంత మర్యాద నేర్పిందమ్మా ఈవిడ!" పిన్ని వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పేసేది. నీళ్ళ చప్పుడులో ఏడిస్తే వినబడదని ఆవిడ నమ్మకం. ఇవతల నిప్పుకోడికి వినబడేది, విని ఊరుకునేది. సంతోషించేది కూడా. ఉన్నమాట చెప్పాలి కదా.

ఒకరోజు నాన్న ధైర్యం చేశాడు. "పిన్నితో అలా మాట్లాడటం ఆపమ్మా."

"ఎలా మాట్లాడాను నాన్నా? ఒక్క చెడ్డమాట అన్నానా? చెప్పు, మానేస్తాను."

పాపం నాన్న చాలాసేపు వెతికాడు. ఒక్కటీ దొరకలేదు. పేపరు తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇంట్లో మర్యాద చేసి చేసి మిగిలిపోయిన కోపమంతా బయట పడేది. బస్సులో కాలు తొక్కినవాడితో, లైబ్రరీలో చప్పుడు చేసినవాడితో, అందరితోనూ యుద్ధమే. పదహారేళ్ళొచ్చాక ఆ యుద్ధం ముదిరింది. తరగతిలో ఒకమ్మాయి పక్కనున్న పిల్లతో, దీనికి వినబడేలాగే, "వాళ్ళ పిన్నికి అక్క బట్టలతో పాటు బావ కూడా కలిసొచ్చాడటే" అని కిసుక్కుమంది. నిప్పుకోడి చేతిలో ఇనుప జామెట్రీ బాక్సు ఉంది. అంతే. ఆ అమ్మాయి ముందు పన్ను సగం విరిగింది. హెడ్మాస్టరు గదిలో అందరూ కలిసి అడిగారు, ఎందుకు కొట్టావని. ఎంత అడిగినా చెప్పలేదు. ఆ మాట మళ్ళీ తన నోటితో అనడం ఇష్టం లేకపోయింది. ఎందుకిష్టం లేకపోయిందో దానికీ తెలియదు. పదిరోజులు బడికి రావద్దన్నారు. పదకొండో రోజున వచ్చి అందరిముందూ క్షమాపణ చెప్పాలి, ఇంకోసారి చెయ్యెత్తితే బడి నుంచే తీసేస్తామన్నారు.

ఒంటరిగా ఇంట్లో వదలడానికి నాన్నకి గుండె చాల్లేదు. "పదిరోజులూ పిన్నితో దుకాణానికి వెళ్ళు" అన్నాడు. నిప్పుకోడి పిన్ని వైపు తిరిగి, "మీకు అభ్యంతరం లేకపోతే వస్తానండీ" అంది. పిన్ని పళ్ళు నూరుకుంది.

ఆ అద్దాల దుకాణం తాతయ్యది. కొడుకుల్లేరు. ఉన్న ఇద్దరు కూతుళ్ళకీ పని నేర్పి పోయాడు. కోత పిన్నిది. గాజు షీటుని దుప్పటి పరిచిన బల్ల మీద పడుకోబెట్టి, కట్టర్ని కిరసనాయిల్లో ముంచి, స్కేలు వెంట ఒక్క గీత గీసేది. కిర్‌ర్‌మని చిన్న చప్పుడు. గీత కింద బల్ల అంచు వచ్చేలా జరిపి వంచితే పుటుక్కున రెండు. గీసిన గీత మీద మళ్ళీ గీయకూడదు. గీస్తే గాజు ఇష్టమొచ్చిన దారి పడుతుంది, కట్టరూ పాడవుతుంది. చెక్కుడు పని అమ్మది. తిరిగే రాయికి అద్దం అంచు ఆనించి తీగలూ ఆకులూ చెక్కేది. దుకాణంలో లోపలి గోడకి నిలువెత్తు అద్దం ఒకటి ఉండేది. అమ్మ ఆఖరి పని. చుట్టూ తీగ, తీగకి ఆకులు. కింద కుడి మూల మాత్రం ఖాళీ. అక్కడికొచ్చేసరికి అమ్మ ఆసుపత్రికి వెళ్ళింది. ఎవరెంత అడిగినా పిన్ని ఆ అద్దం అమ్మలేదు.

దుకాణంలో అన్నిటికంటే పెద్ద రూలు ఇంకొకటుంది. నిప్పుకోడికి మాటలొచ్చిన రోజుల్లోనే పిన్ని అది నేర్పింది, తన రెండు చేతుల మీదున్న తెల్లటి మచ్చలు చూపించి. గాజు జారితే పట్టుకోకూడదు. ఎంత మంచి అద్దమైనా సరే. చేతులు పైకెత్తి వెనక్కి రెండడుగులు. ఆటలా నేర్పింది. "జారింది!" అని పిన్ని అరిస్తే పిల్ల ఎక్కడున్నా చేతులెత్తి గెంతాలి. అన్నం తింటున్నా గెంతేది. అమ్మ తిట్టేది.

మొదటి ఆరు రోజులూ బల్లకి చెరోవైపు నిలబడి పని చేశారు. "ఆ షీటు ఇటియ్యి." "తీసుకోండి." "చేతికి తొడుగేసుకో." "మీ దయండీ, అలవాటే." "అంచు రాయితో రుద్దావా?" "మీరు చెప్పకముందే రుద్దానండీ." పని మాత్రం వంక పెట్టడానికి లేదు. పిన్నికి అదీ ఒక మంటే.

ఏడోరోజు ఫొటో స్టూడియో తాత వచ్చాడు. పాతికేళ్ళ ఖాతాదారు, ఫ్రేముల కోసం వస్తూనే ఉంటాడు. నిప్పుకోడి స్టూలు తుడిచి, "కూర్చోండి తాతగారూ" అంది. తర్వాత పిన్ని వైపు తిరిగి, "మీరు కూడా కాసేపు కూర్చోండి, నిలబడి నిలబడి అలిసిపోయారు" అంది.

"ఆహా!" అన్నాడు ముసలాయన. "ఈ కాలంలో పిన్నిని ఇంత గౌరవించే పిల్లని చూశామా! అదృష్టవంతురాలివమ్మా."

"నాదే అదృష్టం తాతగారూ" అంది నిప్పుకోడి, చిరునవ్వు చెరక్కుండా. "మా పిన్నిగారంత నమ్మకంగా మాట్లాడేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు? మనిషి ప్రాణం పోతోందని తెలిసి కూడా, బాగుంది, పాలు తాగింది అని చెప్పగలరు. మనం నమ్మేస్తాం. మీ ఫ్రేములు ఎల్లుండికిస్తామంటే మాత్రం ఎల్లుండికే అని నమ్మకండి."

ముసలాయనకి ఏమీ అర్థం కాలేదు గానీ, ఇక్కడ ఉండకూడదని అర్థమైంది. గొడుగు మర్చిపోయి మరీ వెళ్ళిపోయాడు.

పిన్ని చేతిలో కట్టరుంది. గీసిన గీత మీదే మళ్ళీ గీసింది. ఇరవయ్యేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని. షీటు గీతని వదిలేసి అడ్డంగా పగిలింది.

"తిట్టు" అంది పిన్ని. "నోరారా తిట్టు. కావాలంటే కొట్టు. ఆ పిల్ల పన్ను విరగ్గొట్టావే, అలా నా పళ్ళు కూడా రాలగొట్టు. ఈ అండీలు ఆపవే, నీకు పుణ్యముంటుంది."

"పెద్దవారు. మిమ్మల్ని తిట్టడమేంటండీ."

"నన్ను చంపుకు తింటున్నావ్!"

"అయ్యో, అంతమాట అనకండి. మీకేమన్నా అయితే ఈసారి ఎవరికి ఎవరు చెప్పాలో తెలియదు కదండీ."

పిన్ని కట్టరు కింద పెట్టింది. పగిలిన గాజు వైపు చూస్తూ, అరవకుండా, రేపటి పని చెప్పినంత మామూలుగా చెప్పింది. "సరే. ఆదివారం నేను వెళ్ళిపోతాను. వర్కింగ్ విమెన్స్ హాస్టల్లో పెళ్ళికి ముందున్న నా పాత గది ఖాళీగానే ఉంది. దుకాణానికి వస్తాను, పోతాను. మీ ఇంటికి రాను. నీకు కావలసింది అదేగా?"

అదే. ఏడాదిన్నరగా కావలసింది అదే. నిప్పుకోడి గుండె ఒక్కసారి గంతేసింది. గంతేసిన గుండె మళ్ళీ కుదురుగా కూర్చోలేదు గానీ, ఆ సంగతి అది పట్టించుకోలేదు.

"మంచిదండీ. వెళ్ళేముందు మా అమ్మ అద్దం మా ఇంటికి చేర్పించి వెళ్ళండి."

మా అమ్మ, మా ఇల్లు. ఆ అమ్మ పిన్నికి తోడబుట్టిన అక్క అన్న సంగతి ఆ నిమిషంలో దానికి గుర్తు లేదంటే నేను నమ్మను. గుర్తుండే అంది.

శనివారం పొద్దున్న అద్దం దించారు. పిన్ని పెట్టె అప్పటికే ఇంట్లో సర్దేసి ఉంది. నాన్న రెండురోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు, మాట్లాడటం అసలే లేదు. ఇంటి దగ్గర దించుకోవడానికి పనికొస్తాడని ఆయన్ని సెలవు పెట్టమన్నారు. ఆయన ఇంటి గుమ్మంలోనే కూర్చుని ఉన్నాడు.

అద్దానికి కింద చెక్క ఆధారం, పక్కలకి నాలుగు ఇనుప పట్టీలు, పట్టీలకి మరలు. ఇద్దరూ చెరోవైపు నిలబడ్డారు.

"ముందు నా వైపు మరలు తీస్తాను" అంది పిన్ని. "నేను చెప్పేదాకా నీ వైపు ముట్టుకోకు. గోడ మెత్తబడింది, ఒకేసారి వదులైతే బరువంతా ముందుకొస్తుంది."

"అలాగేనండీ" అంది నిప్పుకోడి. అంటూనే స్క్రూడ్రైవరు పెట్టి తిప్పింది. ఎందుకు తిప్పిందంటారా? పిన్ని వద్దంది కాబట్టి. అంతకంటే కారణం లేదు.

పిన్ని వైపు మరలు వదులయ్యేసరికి దీని వైపు పై మర కూడా ఊడింది. గోడలోంచి మేకు ముక్కా, ఇంత సున్నమూ రాలాయి. నిలువెత్తు అద్దం నిదానంగా, చాలా నిదానంగా, ముందుకి ఒరిగింది. నిప్పుకోడి చేతులు వాటంతటవే పైకి లేచాయి. కాళ్ళు రెండడుగులు వెనక్కి వేశాయి. పన్నెండేళ్ళ కిందటి ఆట.

నేర్పిన మనిషి మాత్రం గెంతలేదు. పిన్ని రెండు చేతులూ చాచి అద్దాన్ని పట్టుకుంది. వాటేసుకుంది. బరువుకి మోకాళ్ళు వంగుతున్నాయి, అద్దంలో అడ్డంగా ఒక పగులు టిక్కుమని పాకుతోంది, అయినా వదల్లేదు.

"వదిలెయ్!" అని అరిచింది నిప్పుకోడి. "వదిలెయ్యవే పిన్నీ! జారింది! చేతులెత్తవే! నీకు బుద్ధుందా! వదిలెయ్ అంటుంటే!"

పిన్ని తల అడ్డంగా ఊపింది. "అక్కదే. నీకివ్వాలి."

"అక్క లేదు, నీ మొహం లేదు! పోతే పోయింది! నువ్వు వదులు!"

పిల్ల ఉరికి వెనక నుంచి పిన్ని నడుము పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. అద్దం వాళ్ళ కాళ్ళ ముందు భళ్ళున పడింది. తీగా, ఆకులూ, ఖాళీ మూలా, అన్నీ ఒక్కటే కుప్ప. పిన్ని ఎడమ అరచెయ్యి బొటనవేలి మొదలు నుంచి మణికట్టు దాకా తెగింది. బొటబొటా రక్తం.

నిప్పుకోడి నోరు ఆగలేదు. బల్ల మీది గుడ్డ లాగి పిన్ని చేతికి బిగించి కడుతూ తిట్టింది. ఎదురు కొట్టు ప్లంబర్ని కేకేసి అతని వ్యాన్లో ఎక్కిస్తూ తిట్టింది. "ముప్ఫయ్యెనిమిదేళ్ళొచ్చాయి, దేనికి? ఊరందరికీ చెప్తావ్ పట్టుకోకూడదని! నువ్వు చస్తే? ఆఁ? నువ్వు కూడా చస్తే నేనేం చెయ్యాలి? చెయ్యి పైకి పెట్టు! పైకంటే పైకి! చెవుడా నీకు?"

ప్లంబరుకి నచ్చలేదు. "దెబ్బ తగిలిన పెద్దమనిషిని అలా తిడతావేంటమ్మాయ్?"

"మీరు రోడ్డు చూసి నడపండి!"

పిన్ని కళ్ళు మూసుకుని ఉంది. మొహం సున్నంలా ఉంది. పెదాలు మాత్రం ఏదో దాచుకుంటున్నట్టు బిగబట్టి ఉన్నాయి.

ఆసుపత్రి అదే. అమ్మ నెలరోజులున్నదే. నిప్పుకోడి ఆ మెట్లెక్కడం రెండున్నరేళ్ళలో మొదటిసారి. ఆ పరీక్ష రోజున ఎక్కనిస్తే కదా. లోపల నర్సు కాగితం తీసుకుని వచ్చింది.

"ఈవిడ మీకేమవుతారు?"

"పిన్ని."

"పిన్నంటే? అమ్మ చెల్లెలా, నాన్నగారి రెండో భార్యా?"

"రెండూనండీ."

"ఒక్కటే రాయాలమ్మా, ఇక్కడ జాగా లేదు."

"అయితే పిన్ని అని రాయండి" అంది నిప్పుకోడి. "నాకున్నది ఈవిడొక్కతే. ఎలా రాసినా ఈవిడే."

పదకొండు కుట్లు పడ్డాయి. నరం తెగలేదు, వేళ్ళు కదులుతాయన్నారు. చేతికి కట్టుతో పిన్ని వరండాలో బల్ల మీద కూర్చుంది. పక్కనే నిప్పుకోడి. ఇప్పుడు నోరు ఆగింది. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది.

"మర నేనే తీశాను" అంది.

"చూశాను."

"నువ్వు వద్దన్నావని తీశాను."

"అదీ తెలుసు."

ఎదురుగా ఒకావిడ పసిపిల్లని ఎత్తుకుని అటూ ఇటూ తిరుగుతోంది. అప్పుడడిగింది నిప్పుకోడి. రెండున్నరేళ్ళ కింద అడగాల్సింది. మీరు అనే నోటితో అడగడానికి కుదరనిది.

"ఆరోజు ఎందుకు చెప్పలేదే నువ్వు?"

పిన్ని కట్టు వైపు చూస్తూ చెప్పింది. "పరీక్ష పాడవుతుందని చెప్పలేదని మీ నాన్నతో అన్నాను. అక్కే వద్దందని మీ పెద్దత్తతో అన్నాను. రెండూ అబద్ధాలే. నీ గురించి ఆలోచించలేదు, అక్క గురించీ ఆలోచించలేదు. నాకు భయమేసింది. నీకు చెప్తే నువ్వెలా చూస్తావో, ఆ చూపు నా వల్ల కాదనుకున్నాను. సాయంత్రం దాకా ఉంటుందిలే అనుకున్నాను. ఉండలేదు." కట్టు అంచు సర్దుకుంది. "చివర్లో నీ కోసం అడిగింది. ఒకసారి కాదు, రెండుసార్లు. వస్తోందని చెప్పాను. దానికీ అబద్ధమే చెప్పాను. నాది తప్పేనే. ఇలా తిప్పినా తప్పే, అలా తిప్పినా తప్పే."

నిప్పుకోడి ఏడ్చింది. ముక్కు కారుతూ, ఎక్కిళ్ళు పెడుతూ, నాలుగేళ్ళ పిల్ల ఏడ్చినట్టే ఏడ్చింది. ఇంత జరిగినా ఏదో ఒక మంచి కారణం ఉండే ఉంటుందని లోపల ఓ మూల ఆశ ఉండేది దానికి. ఆ ఆశ పోయింది. ఎదురుగా పిరికి పిన్ని ఒక్కతే మిగిలింది, చేతికి కట్టుతో. ఆ పిరికిదే పొద్దున్న నిలువెత్తు అద్దాన్ని వాటేసుకుంది.

"నిన్ను నేను క్షమించలేదు" అంది ముక్కు తుడుచుకుంటూ.

"సరే."

"ఇప్పుడప్పుడే క్షమించను కూడా. టైం పడుతుంది."

"పట్టనీ."

"ఈలోపు ఎక్కడికీ పోవడానికి లేదు. పక్కన లేని మనిషిని ఎలా క్షమిస్తారు? హాస్టలు లేదు, గాడిదగుడ్డు లేదు. పెట్టె నేనే విప్పేస్తాను."

పిన్ని తల ఊపింది. బాగున్న చేత్తో పిల్ల జడ సర్దబోయింది. పిల్ల తల విదిలించింది. విదిలించాక మళ్ళీ దగ్గరికే జరిగింది.

"ఆ పిల్ల ఏమందే? పన్ను రాలగొట్టేంత మాట ఏమంది?"

నిప్పుకోడి నేల చూపులు చూసింది. "నిన్నంది."

"నన్నా? నన్నంటే నీకేంటి? నీకు సంతోషమే కదా!"

"నేనంటే వేరు. అదెవరు అనడానికి?" అంది విసురుగా. తర్వాత నెమ్మదించింది. "సోమవారం వెళ్ళి సారీ చెప్తాను. పన్నుకి చెప్తాను. దాని మాటకి మాత్రం దాన్నే చెప్పమంటాను. చెప్పకపోతే పోనీ, కొట్టనులే."

వ్యాను ఇంటి ముందు ఆగేసరికి నాన్న ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు. అద్దం దించుకోవడానికి చొక్కా చేతులు కూడా మడిచి పెట్టుకున్నాడు పాపం. కట్టు చూసి పరుగున ఎదురొచ్చాడు. పిన్ని వ్యాను దిగడానికి కట్టున్న చెయ్యి తలుపు మీద ఆనించబోయింది.

"ఆ చెయ్యి కాదే! ఎన్నిసార్లు చెప్పాలి నీకు? కుదురుగా ఉండలేవా ఒక్క నిమిషం? దిగు, మెల్లిగా! మొద్దు!" అని వీధంతా వినబడేలా అరిచింది నిప్పుకోడి.

నాన్న నిర్ఘాంతపోయాడు. నోట్లో నాలుక లేని మనిషికి ఆరోజు ఎక్కడి నుంచో నాలుక వచ్చింది. "ఏయ్! పిన్నితో అలాగేనా మాట్లాడేది? పెద్దా చిన్నా లేదా? నిన్నటిదాకా ఎంత మర్యాదగా..."

"నువ్వూరుకో బావా" అంది పిన్ని. కళ్ళ నిండా నీళ్ళు, మొహం నిండా నవ్వు. "తిట్టనీ. ఏడాదిన్నరైంది ఇది నన్ను తిట్టి."